విన్నిపెగ్‌లో రేపటి పుప్పొడి: మీ వీధికి మీరే అంచనా వేసుకునే పద్ధతి

కెనడాలోని విన్నిపెగ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి రెండేళ్లు చలి గురించే మాట్లాడతారు. ఆ తర్వాత మాట మెల్లగా ముక్కు మీదికి మళ్లుతుంది. ఏప్రిల్ ఆఖర్లో కళ్ల దురద, జూన్‌లో ఆగని తుమ్ములు, ఆగస్టు దాటాక గొంతులో గరగర. కొత్త చోటి పుప్పొడికి ఒళ్లు ఎదురు తిరగడానికి తరచు రెండు మూడు సీజన్లు పడుతుంది. కాబట్టి "వచ్చినప్పుడు బాగానే ఉన్నానే" అనేవాళ్ల మాటలో వింతేమీ లేదు.

ఎవరైనా ముందు చేసేది ఫోన్‌లో యాప్ చూడటం. అందులో "మోడరేట్" అని ఉంటుంది, ఇక్కడేమో చేతిలోంచి టిష్యూ దిగదు. మర్నాడు "వెరీ హై" అంటుంది, మనకు ఏమీ కాదు. యాప్‌ను తిట్టుకుని లాభం లేదు. అది ఊరు మొత్తానికి, అన్ని మొక్కలకూ కలిపి చెబుతోంది. మీకు కావలసింది మీ వీధిలో, మీకు పడని మొక్క సంగతి. ఆ లోటును మీరే పూడ్చుకోవచ్చు. సీజన్ మొదట్లో ఒక పూట శ్రమ పడితే, తర్వాత రోజూ రాత్రి ఐదు నిమిషాలు చాలు.

మొదటి మెట్టు: ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోండి

యాప్‌లలో కనిపించేవి మూడు రకాలు. మొదటిది అసలు లెక్క, అంటే గాలిలోంచి నిజంగా పట్టిన రేణువులు. ఏదో ఒక మేడ మీద చిన్న యంత్రం ఉంటుంది. జిగురు పూసిన సన్నటి కడ్డీలు గిర్రున తిరుగుతూ గాలిలో ఉన్నవాటిని అంటించుకుంటాయి. బర్కార్డ్ ట్రాప్ అనే ఇంకో రకం నిమిషానికి 10 లీటర్ల గాలిని పీల్చి జిగురు టేపు మీదికి కొడుతుంది. ఆ టేపు గంటకు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది కనుక ఏ గంటలో ఎంత పడిందో కూడా చెప్పొచ్చు. ఈ రెంటిలో ఏ యంత్రమైనా చివరికి ఆ కడ్డీనో టేపునో మైక్రోస్కోప్ కింద పెట్టి, మొక్క మొక్కకీ విడదీసి లెక్కపెట్టాలి. ఘనపు మీటరు గాలికి ఇన్ని రేణువులని రాస్తారు. కెనడాలో ఈ పనికి పేరున్నది ఆటవాలోని ఏరోబయాలజీ రీసెర్చ్ లాబొరేటరీస్. ద వెదర్ నెట్‌వర్క్‌లో మీరు చూసే పుప్పొడి సమాచారానికి ఆధారం వాళ్ల లెక్కలే.

ఇందులో గమనించాల్సింది ఒకటే. లెక్క ఎప్పుడూ గడిచిన రోజుది. ఇవాళ తెరపై కనిపించేది నిన్నటి గాలో మొన్నటి గాలో.

రెండోది ఫోర్‌కాస్ట్. తాజా లెక్క, పాత సంవత్సరాల రికార్డు, ఈ వసంతంలో ఎంత వేడి పోగైంది, రాబోయే గాలీ వానా, వీటన్నిటినీ కలిపి వేసే అంచనా. రెండు మూడు రోజుల వరకూ దీన్ని నమ్మొచ్చు. పదో రోజుకు వెరీ హై అని ఎవరైనా చూపిస్తే అది "సీజన్ నడుస్తోంది" అని చెప్పడమే తప్ప అంతకంటే ఏమీ కాదు.

మూడోది పూర్తిగా కంప్యూటర్ మోడల్. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందన్న మ్యాపులు, వాతావరణ సమాచారం తీసుకుని లెక్క కడుతుంది. 2023లో గూగుల్ తెచ్చిన పుప్పొడి సర్వీసు ఈ రకమే. కిలోమీటరు గళ్లు, 0 నుంచి 5 దాకా సూచీ, ఐదు రోజుల అంచనా. కిలోమీటరు గడి చూపిస్తోందంటే మీ పేటలో ఎవరో యంత్రం పెట్టి కొలిచారని కాదు. గంట గంటకూ, పేట పేటకూ అంకె మారే యాప్ కనిపిస్తే అది మోడలేనని అనుకోండి. చెడ్డదనడం లేదు, కాకపోతే దాని మాటను కొలతగా తీసుకోవద్దు.

రంగుల సంగతి కూడా చూడాలి. అమెరికాలో నేషనల్ అలర్జీ బ్యూరో వాడే హద్దుల ప్రకారం చెట్ల పుప్పొడి 15 నుంచి 89 వరకు మోడరేట్, 90 దాటితే హై. గడ్డికి 5 నుంచి 19 మోడరేట్, 20కే హై. కలుపు మొక్కలకు 10 నుంచి 49 మోడరేట్, 50 నుంచి హై. అంటే అదే 20 రేణువులు చెట్లవైతే పసుపు, గడ్డివైతే ఎరుపు. పైగా అందరూ ఇవే హద్దులు వాడరు. అందుకే సీజన్ మొత్తానికి ఒకే యాప్ పట్టుకోండి. చెట్లు, గడ్డి, కలుపు విడివిడిగా చూపించేదైతే మంచిది. మూడు యాప్‌లు పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

రెండో మెట్టు: ఈ ఊరి క్యాలెండర్ రాసుకోండి

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో తెలిస్తే సగం అంచనా వేసేసినట్టే.

నీడల్లో మంచు ఇంకా ఉండగానే, ఏప్రిల్‌లో, యాస్పెన్ మొదలవుతుంది. దాని వెనకే ఎల్మ్. విన్నిపెగ్ అమెరికన్ ఎల్మ్ చెట్లకు పేరున్న ఊరు. 1975 నుంచి డచ్ ఎల్మ్ తెగులు చెట్లను తినేస్తున్నా, వుల్స్‌లీ, రివర్ హైట్స్ లాంటి పేటల్లో వీధికి రెండు పక్కల కొమ్మలూ నడినెత్తిన కలుస్తాయి. ఎల్మ్ ఆకు వేయకముందే పూస్తుంది. పైన కొమ్మలు బోడిగా ఉంటాయి కాబట్టి "ఇంకా ఏదీ పూయలేదు కదా" అనుకుంటాం. తలెత్తి సరిగ్గా చూస్తే రెమ్మల పొడుగునా ఎర్రటి చిన్న కుచ్చులు కనిపిస్తాయి. అవే పూలు.

ఏప్రిల్ చివర, మే మొదట్లో మానిటోబా మేపుల్. ఎవరూ నాటకుండానే బ్యాక్ లేన్లలో, కంచెల పక్కన, నది ఒడ్డున మొలిచే చెట్టు ఇది. ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. సన్నటి దారాల కుచ్చులు వేలాడేది మగది, పుప్పొడి దానిదే. రెక్కలున్న విత్తనాలు గుత్తులుగా వేలాడేది ఆడది, దానివల్ల మీ ముక్కుకు ఏ నష్టమూ లేదు. గ్రీన్ యాష్‌లోనూ ఇదే తేడా. మేలో బిర్చ్, బర్ ఓక్ వస్తాయి.

మే చివర్లో కార్ల మీద పసుపు పొడి పేరుకుంటుంది. అది ఎక్కువగా స్ప్రూస్, పైన్ చెట్లది. రేణువు పెద్దది, అలర్జీ తెచ్చేది తక్కువ. జూన్‌లో ఊరంతా ఎగిరే తెల్లటి దూదిని జనం తిట్టిపోస్తారు. అది పాప్లర్ జాతి చెట్ల విత్తనం, పుప్పొడే కాదు. సరిగ్గా అదే సమయంలో కంటికి కనిపించకుండా గడ్డి పూస్తూ ఉంటుంది. నేరం దానిది, నింద దూదికి.

గడ్డి సీజన్ జూన్, జూలై నెలలు. బ్రోమ్, తిమోతి, కెంటకీ బ్లూగ్రాస్. వారం వారం కోసే లాన్ పూతకు రానే రాదు. పూసేది హైవే పక్క డిచ్‌లలో, రైలు పట్టాల వెంట, నది గట్టు మీద, కోత పడని ఖాళీ స్థలాల్లో. మీ ఇంటి ముందు పచ్చిక కంటే కిలోమీటరు అవతలి డిచ్ మీకు ఎక్కువ ముఖ్యం.

ఆగస్టు నుంచి మంచు గడ్డకట్టే రాత్రి దాకా కలుపు మొక్కల రాజ్యం. రాగ్‌వీడ్, సేజ్, కోషియా, రష్యన్ థిసిల్, ఉత్తరాదివాళ్లు బథువా అని వండుకునే ల్యాంబ్స్ క్వార్టర్స్. పసుపు పూలతో మెరిసే గోల్డెన్‌రాడ్‌ను చూసి అదే కారణమనుకుంటారు కానీ దాని పుప్పొడి బరువైనది, జిగటది, పురుగులు మోసేది. పక్కనే ఆకుపచ్చగా, పువ్వు ఉందో లేదో తెలియకుండా నిలబడ్డ రాగ్‌వీడే అసలు దోషి.

రాగ్‌వీడ్ విషయంలో విన్నిపెగ్ పేరు శాస్త్ర పత్రికలకూ ఎక్కింది. 2011లో వచ్చిన ఒక అధ్యయనం టెక్సస్ నుంచి సస్కచివాన్ దాకా ఊళ్ల వరుసను తీసుకుని 1995, 2009 మధ్య మార్పు చూసింది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ సీజన్ ఎక్కువగా సాగింది. విన్నిపెగ్‌లో 25 రోజులు, సస్కటూన్‌లో 27 రోజులు. కారణం ఫ్రాస్ట్ ఆలస్యం కావడం. పగటి వెలుతురు తగ్గడాన్ని చూసి రాగ్‌వీడ్ పూతకు వస్తుంది, అది పెద్దగా మారదు. దాన్ని చంపే చలి మాత్రం వెనక్కి జరుగుతోంది. వసంతం వైపు కూడా ఇదే కథ. ఆల్బర్టాలో యాస్పెన్ పూసే తేదీ 1936 నుంచి 2006 మధ్య సుమారు రెండు వారాలు ముందుకొచ్చింది.

కాబట్టి చెట్లకు తేదీలు నమ్ముకోకండి, వేడిని కూడండి. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు తీసి, అందులోంచి 5 తీసేయండి. మిగిలింది సున్నాకు పైన ఉంటే మార్చి నుంచి కూడుతూ పొండి. విమానాశ్రయం దగ్గరి రోజువారీ ఉష్ణోగ్రతలు ఎన్విరాన్‌మెంట్ కెనడా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ వీధి ఎల్మ్ పూసిన రోజున మొత్తం ఎంతైందో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఆ మొత్తానికి దగ్గర పడుతున్నప్పుడే మందుల డబ్బా బయటికి తీయొచ్చు.

మూడో మెట్టు: మీ వీధి చెట్ల జాబితా

విన్నిపెగ్ నగరపాలక సంస్థ ఓపెన్ డేటా సైట్‌లో పబ్లిక్ చెట్ల జాబితా మొత్తం ఉంది. జాతి పేరుతో సహా, మ్యాప్ మీద. మీ ఇంటి చుట్టూ నాలుగు బ్లాకులు తీసి ఎల్మ్ ఎన్ని, యాష్ ఎన్ని, బిర్చ్ ఉందా అని చూసుకోండి. ప్రైవేటు పెరళ్లలోని చెట్లు అందులో ఉండవు. వాటికి సాయంత్రం ఒక నడక చాలు. రైలు లైను, నది గట్టు, ఖాళీ ప్లాట్లు ఏ దిక్కున ఉన్నాయో కూడా రాసుకోండి. గాలి దిక్కుతో కలిపి చూసేటప్పుడు పనికొస్తుంది. పాత పేటలో ఎల్మ్ నీడన ఉండేవాళ్లకు ఏప్రిల్, మే గడ్డు నెలలు. ఊరి చివర కొత్త కాలనీల్లో చెట్లు చిన్నవి, పొలాలూ డిచ్‌లూ దగ్గర. అక్కడివాళ్లకు జూన్, ఆగస్టు ఎక్కువ బాధ.

నాలుగో మెట్టు: మీకు పడనిది ఏదో తేల్చుకోండి

అలర్జిస్టు దగ్గర స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద సూదితో గుచ్చి చూసే పరీక్ష) చేయించుకోవడం సూటి దారి. దానికి ఫ్యామిలీ డాక్టర్ రెఫరల్ కావాలి, వెయిటింగ్ ఉంటుంది. టెస్టుకు కొన్ని రోజుల ముందు నుంచి యాంటీహిస్టమిన్ ఆపమంటారు. ఎన్ని రోజులో వాళ్లనే అడగండి.

మనవాళ్లు డాక్టర్‌కు తప్పక చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఊళ్లో వయ్యారిభామతో దద్దుర్లో తుమ్ములో పడ్డవాళ్లు ఆ మాట దాచొద్దు. వయ్యారిభామ, రాగ్‌వీడ్ ఒకే కుటుంబం మొక్కలు. ఒకదానికి అలవాటుపడిన అలర్జీ రెండోదాన్నీ గుర్తుపట్టడం పరిశోధనల్లో తేలింది. అలాంటివాళ్లకు రెండు మూడేళ్ల గడువు ఉండకపోవచ్చు, మొదటి ఆగస్టులోనే బయటపడొచ్చు.

టెస్ట్ అయ్యేలోగా డైరీ రాయండి. రోజుకు ఒక వరుస: ముక్కు, కళ్లు, ఛాతీ, ఒక్కోదానికి 0 నుంచి 3. పక్కన ఎంతసేపు బయట ఉన్నారు, మందు వేసుకున్నారా. మందు గడి వదిలేస్తే డైరీ దండగ. మందు వేసుకున్న రోజు బాగుంటే గాలి బాగున్నట్టు కాదు.

ఐదో మెట్టు: వాతావరణాన్ని పుప్పొడి కళ్లతో చదవండి

గాలి దిక్కు. ఏప్రిల్‌లో దక్షిణపు గాలి వచ్చిందంటే జాగ్రత్త. అమెరికా సరిహద్దు ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. నార్త్ డకోటా, మినెసోటాల్లో చెట్లు మనకంటే ముందు పూస్తాయి, మధ్యలో అడ్డుపడే కొండ ఒక్కటీ లేదు. ఇక్కడ ఒక్క చెట్టూ పూయకముందే కళ్లు దురద పెట్టడానికి ఇదొక కారణం.

తేమ. పూలలోని పుప్పొడి తిత్తులు ఆరిన గాలికి విచ్చుకుంటాయి. అందుకే మంచు బిందువులు ఆరేదాకా గడ్డి, రాగ్‌వీడ్ కాస్త నెమ్మది. ఆ తర్వాత ఊపందుకుంటాయి. పగలు పైకి లేచింది సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుంది. "పొద్దున్నే మంచిది" అన్నది అన్ని రోజులకూ వర్తించదు. పొడిగా, గాలితో తెల్లవారిన రోజు ఎనిమిదింటికే మొదలైపోతుంది.

వాన. గంటసేపు నిలకడగా పడితే గాలి శుభ్రపడుతుంది. మర్నాడు ఎండ కాస్తే మాత్రం ఆగిపోయిన పూలన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి కనుక మధ్యాహ్నానికి ఎక్కువే ఉంటుంది. నాలుగు చినుకులు పడి పోయిన వానను లెక్కలోకి తీసుకోకండి.

ఉరుములతో వచ్చే గాలివాన వేరే కథ. రేణువులు తేమ పీల్చి పగిలి, ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల దాకా వెళ్లేంత చిన్న తునకలవుతాయి. మెల్‌బోర్న్‌లో 2016 నవంబర్ 21న వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తింది దీనివల్లే. ప్రెయిరీల్లోనూ జరిగింది. 2000 జూలై 31న క్యాల్గరీలో గాలివాన వెంట ఆస్తమా, ఆయాసం కేసులు ఎమర్జెన్సీలకు పోటెత్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లు గడ్డి సీజన్‌లో ఉరుముల హెచ్చరిక వస్తే ఇంట్లో ఉండి, కిటికీలు మూసి, ఇన్‌హేలర్ అందుబాటులో పెట్టుకోవాలి. ఇక్కడ అంచనాలూ అంకెలూ అనవసరం.

ఆరో మెట్టు: రాత్రి ఐదు నిమిషాల లెక్క

నేను వాడే పాయింట్లు ఇవి. శాస్త్రీయమని చెప్పను, పనికొస్తాయని చెబుతాను. మీకు పడని మొక్క సీజన్ మొదట్లోనో చివర్లోనో ఉంటే 1, ముమ్మరంగా ఉంటే 3, లేకపోతే సున్నా, అక్కడితో లెక్క ముగిసింది. రేపు పొడిగా, వెచ్చగా, చెప్పుకోదగ్గ గాలితో ఉంటే 1 కలపండి. ఆ గాలి మీరు గుర్తుపెట్టుకున్న డిచ్ వైపు నుంచో చెట్ల వైపు నుంచో వస్తుంటే ఇంకో 1. రేపు పగలు నిలకడైన వాన ఉంటే 2 తీసేయండి. ఇవాళ మీకు బాధ గట్టిగా ఉంటే 1 కలపండి, ఎందుకంటే మంటెక్కిన ముక్కుకు మర్నాడు తక్కువ పుప్పొడే చాలు.

ఉదాహరణకు ఆగస్టు ఆఖరి వారం, రాగ్‌వీడ్ పడని మనిషి. సీజన్ ముమ్మరం, 3. రేపు 28 డిగ్రీలు, దక్షిణం నుంచి 30 కిలోమీటర్ల గాలి, వాన లేదు, 1. ఇంటికి దక్షిణాన రైలు లైను, 1. ఇవాళ ఫర్వాలేదు, 0. మొత్తం 5. యాప్ "మోడరేట్" అంటున్నా నేనైతే దీన్ని గడ్డు రోజుగానే తీసుకుంటాను. కిటికీలు మూసి ఏసీ, వాకింగ్ వాన పడ్డ రోజుకు వాయిదా, బయటికి తప్పకపోతే మాస్కు, కళ్లజోడు, ఇంటికి రాగానే తలస్నానం. పెరట్లో దండెం మీద బట్టలు ఆరేయడం ఆ రోజుకు మానండి. ఎండకు ఆరిన దుప్పటి పుప్పొడిని పడక మీదికే తెస్తుంది. 2, 3 వస్తే సమయం చూసుకుని వెళ్లడం చాలు. 1 వస్తే మీ పని మీరు చేసుకోండి.

మర్నాడు రాత్రి డైరీతో పోల్చండి. వరసగా తప్పుతుంటే పాయింట్లు మార్చండి. గాలి దిక్కు మీకు అసలు తేడా చూపించడం లేదంటే దాన్ని తీసేయండి.

ఏడో మెట్టు: పుప్పొడి కానివాటిని పక్కన పెట్టండి

అడవి మంటల పొగ వచ్చిన రోజుల్లో గొంతు మంట, కళ్ల మంట పుప్పొడిలాగే అనిపిస్తాయి. దానికి ఎన్విరాన్‌మెంట్ కెనడా ఇచ్చే ఏక్యూహెచ్ఐ, అంటే గాలి నాణ్యత సూచీ చూడాలి. 1 నుంచి 3 తక్కువ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 ఎక్కువ, ఆపైన చాలా ఎక్కువ. అందులో ఓజోన్, సన్నటి ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటాయి కానీ పుప్పొడి ఉండదు. ఏక్యూహెచ్ఐ 2 అని చూసి గాలి బాగుందని రాగ్‌వీడ్ రోజున పరుగుకు వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సాధారణంగా దురద ఎక్కువుంటే పుప్పొడి, మంట ఎక్కువుంటే పొగ.

బూజు కూడా ఉంది. మంచు కరిగాక లాన్ మీద తెల్లగా అంటుకున్న బూజు, కోతల కాలంలో పొలాల నుంచి లేచే ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం అనే బూజులు. సెప్టెంబర్‌లో కంబైన్లు (కోత యంత్రాలు) తిరిగే వారాల్లో రాగ్‌వీడ్ లెక్క తక్కువున్నా దగ్గు తగ్గడం లేదంటే దీన్ని అనుమానించి డాక్టర్‌కు చెప్పండి.

ఓపిక ఉన్నవాళ్లకు: ఇంట్లోనే స్లైడు

గాజు స్లైడు మీద పల్చగా వాజెలిన్ రాసి, వాన తగలని చూరు కింద ఒక రోజంతా ఉంచండి. 400 రెట్లు చూపించే మామూలు విద్యార్థి మైక్రోస్కోప్ చాలు. గడ్డి రేణువు గుండ్రంగా, నున్నగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. బిర్చ్‌కు మూడు మూలల్లో మూడు రంధ్రాలు. పైన్‌కు రెండు పక్కల గాలి సంచులు. రాగ్‌వీడ్ చిన్నది, సుమారు 20 మైక్రాన్లు, ఒళ్లంతా ముళ్లతో అచ్చం ఉమ్మెత్తకాయలా ఉంటుంది. పిల్లలు దీన్ని భలే ఇష్టపడతారు. కాకపోతే ఈ పద్ధతిలో బరువైన రేణువులే ఎక్కువ పడతాయి కనుక ఎంత ఉందన్నది తేలదు, ఏది మొదలైందన్నదే తేలుతుంది. మనకు కావలసిందీ అదే. స్లైడు మీద మొదటి ముళ్ల రేణువు కనిపించిన తేదీ మీ డైరీలో రాగ్‌వీడ్ సీజన్‌కు మొదటి గీత.

ఆ తేదీలు ఎక్కువగా పనికొచ్చేది మందుల దగ్గర. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి రోజులు పడుతుంది. సీజన్‌కు ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టమని డాక్టర్లు చెప్పేది అందుకే. మీ రికార్డులో రాగ్‌వీడ్ ఆగస్టు రెండో వారంలో మొదలవుతుంటే, జూలై ఆఖరుకల్లా ఫార్మసిస్టుతో మాట్లాడి స్ప్రే తెచ్చుకోండి. సెప్టెంబర్ చివర్లో ఉష్ణోగ్రత సున్నా కిందికి గట్టిగా పడిపోయిన రాత్రి తర్వాత రాగ్‌వీడ్ గడిని మూసేయొచ్చు. రాలిన ఆకుల కింద బూజు మాత్రం మంచు నిలిచేదాకా ఉంటుంది కాబట్టి ఛాతీ గడిని అప్పటిదాకా నింపుతూ ఉండండి.